వేంగి ఎటుపోయింది?

ఏలూరు నుంచి ఉత్తరంగా ఓ పన్నెండు కిలోమీటర్లు వెళ్తే పెదవేగి వస్తుంది. ఆ చుట్టుపక్కలంతా ఆయిల్‌పామ్, మామిడి, జీడిమామిడి, నిమ్మ తోటలు. దేశం మొత్తానికీ ఆయిల్‌పామ్ మీద పరిశోధన చేసే సంస్థ ఈ ఊళ్లోనే ఉంది. రైతులకి పెదవేగి అంటే గెలలు తోలే ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. చరిత్ర చదివినవాళ్లకి మాత్రం ఇది వేంగి. శాలంకాయనుల రాజధాని, ఆ తర్వాత విష్ణుకుండినుల ఏలుబడిలో ముఖ్య కేంద్రం, చివరికి తూర్పు చాళుక్యుల సింహాసనం ఉన్న చోటు.

మామూలు ఊరు కాదది. క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని భూగోళం రాసిన టాలెమీ 'సాలకెనోయ్' అనే జనాన్నీ, వాళ్ల నగరం 'బెనగౌరాన్'నీ పేర్కొన్నాడు. అది వేంగీపురమేనని చరిత్రకారుల మాట. 4వ శతాబ్దంలో సముద్రగుప్తుడు దక్షిణాదిన ఓడించిన రాజుల జాబితా అలహాబాదు స్తంభం మీద ఉంది. అందులో వేంగి రాజు హస్తివర్మ ఒకడు. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ ఈ రాజధాని చుట్టుకొలత 20 లీలు అని రాసుకున్నాడు. అంటే మన లెక్కలో సుమారు ఎనిమిది, పది కిలోమీటర్లు.

అంత పట్నం చూద్దామని ఇవాళ వెళ్లినవాళ్లకి కోట గుమ్మం గానీ, రాజమహలు గోడ గానీ కనిపించవు. పురావస్తు శాఖ కంచె వేసిన దిబ్బలు, ఇటుక పునాదులు, గుళ్ల దగ్గర కొన్ని పాత శిల్పాలు, అంతే. దక్షిణాన దెందులూరు విష్ణుకుండినుల శాసనంలో 'లెందులూరు'గా కనిపిస్తుంది. అక్కడా మిగిలింది భీమలింగ దిబ్బ లాంటి మట్టి దిబ్బలే.

ఇదే జిల్లాలో, ఏలూరుకు 40 కిలోమీటర్ల దూరంలో కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండ ఉంది. అక్కడి బౌద్ధ గుహలు క్రీస్తుకు పూర్వం రెండు, ఒకటి శతాబ్దాల నాటివి. చాళుక్యుల వేంగి కంటే ఎనిమిది వందల ఏళ్లు పాతవి. భిక్షువులు వెళ్లిపోయి ఎన్ని వందల ఏళ్లయిందో, గుహలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. పాతది నిలిచి, కొత్తది మాయమవడమేమిటి? కాలం ఒక్కటే ఊళ్లను చెరిపేసేదైతే ఈ లెక్క తిరగబడి ఉండాలి.

మెట్టకీ పల్లానికీ మధ్య

వేంగి ఎలా పోయిందో తెలియాలంటే ముందు అక్కడెందుకు వెలిసిందో చూడాలి. పెదవేగి ఎర్రనేల మీద ఉంది. ఉత్తరాన చింతలపూడి దాకా మెట్ట, దక్షిణాన ఏలూరు దాటగానే నల్లమట్టి పల్లం, ఆ పైన కొల్లేరు. మెట్టలో అడవి, పశువులు, ఇనుము, కలప. పల్లంలో వరి, చేపలు. ఆ రెండూ కలిసే అంచు మీద కూర్చున్నవాడికి రెండు వైపుల నుంచీ పన్ను వస్తుంది. పైగా వరద ఎంత వచ్చినా మెట్ట మీదికి ఎక్కదు.

కొల్లేరు అప్పట్లో ఈ పట్నానికి సముద్రం వైపు వాకిలి. సరస్సు పుట్టుక కథ కూడా సముద్రంతోనే మొదలవుతుంది. సుమారు 6 వేల ఏళ్ల క్రితం తీరరేఖ కొల్లేరు దక్షిణపు ఒడ్డు దగ్గరే ఉండేదని అక్కడి పాత ఇసుక మెరకల వరసలు చెబుతున్నాయి. అటు కృష్ణ, ఇటు గోదావరి తెచ్చిన ఒండ్రు ముందుకు పెరుగుతూ పోయింది. రెండు డెల్టాల నడుమ పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి ఏర్లు అందులో పడతాయి. నీరు బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే.

ఈ నీటి కోసం రాజులు రక్తం చిందించారు. 634 నాటి ఐహోళె శాసనంలో రెండో పులకేశి విజయాల వర్ణన ఉంది. కునాల జలం ఏనుగులు కలచడంతో, చచ్చినవాళ్ల నెత్తురుతో రంగు మారిందని కవి అంటాడు. ఆ కునాలం కొల్లేరేనని పండితుల అభిప్రాయం. ఆ యుద్ధం తర్వాతే పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు ఈ దేశానికి పాలకుడయ్యాడు. 624తో మొదలయ్యే తూర్పు చాళుక్యుల చరిత్రకి ఆయనే మూలపురుషుడు.

వెళ్లింది ఎవరు?

ఊరు పాడుబడిందనగానే మన కళ్ల ముందు కదిలేది ఉన్నపళంగా పారిపోయే జనం. అలాంటివీ ఉన్నాయి. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగిన మర్నాడు పక్కనున్న ప్రిప్యాత్ పట్నంలోని సుమారు 49 వేల మందిని బస్సులెక్కించి ఖాళీ చేయించారు. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోడి ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయింది. ఇవి అరుదు. చాలా నగరాలది మెల్లగా కారిపోయిన కథ.

మన తీరంలోనే చూడండి. 1839లో గోదావరి మొగ దగ్గరున్న కోరంగి రేవును ఉప్పెన ముంచేసింది. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. బందరు మళ్లీ లేచి జిల్లా కేంద్రంగా నిలబడింది. కోరంగి మాత్రం ఓడలు కట్టే గొప్ప రేవుగా మళ్లీ లేవలేదు. ఉప్పెన రెండింటికీ వచ్చింది. తేడా ఆ తర్వాత ఊరికి మిగిలిన పనిలో ఉంది. బందరుకు కచేరీలు, వ్యాపారం, వెనక డెల్టా మిగిలాయి. కోరంగి బతుకంతా రేవు మీదే. ఆ రేవును గోదావరి ఇసుక పూడ్చేస్తూ వచ్చింది. ఊరు చేసే పనే ఊరిని నిలబెడుతుంది. ఆ పని పోయిన రోజున ఉప్పెన వచ్చినా రాకున్నా ఒకటే.

వేంగి చేసే పని రాజ్యం నడపడం. పడమటి రాష్ట్రకూటులతో వందేళ్లకు పైగా సాగిన యుద్ధాల్లో ఈ పట్నం ఎన్నోసార్లు చేతులు మారింది. 892లో గుణగ విజయాదిత్యుడు పోగానే రాష్ట్రకూట సేనలు వేంగిని ఆక్రమించాయి. ఆ తర్వాత రాజైన చాళుక్య భీముడు వాళ్లను తరిమి నిలబెట్టుకోవాల్సి వచ్చింది. పడమటి నుంచి వచ్చే శత్రువుకు వేంగి ఎదురుగా కూర్చుని ఉంటుంది, మధ్యలో చెప్పుకోదగ్గ అడ్డు లేదు. గోదావరి గట్టు మీదున్న రాజమహేంద్రవరానికి నదే కందకం. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కాలానికి రాజధాని అక్కడ స్థిరపడింది. నన్నయ భారతం మొదలుపెట్టింది ఆ కొలువులోనే. అప్పటికీ దేశం పేరు వేంగీ దేశమే.

పట్నం నుంచి వెళ్లింది రాజు, సైన్యం, ఖజానా, వాళ్ల మీద బతికే కంసాలులు, కవులు, వర్తకులు. రైతు కదల్లేదు. కదలడానికి ఆయన పొలం చక్రాల బండి కాదు. రాజు లేని వేంగి వట్టి ఊరైంది. పెద్ద వేగి, చిన్న వేగి అని రెండు పల్లెలుగా మిగిలి, ఇప్పటికీ పంచాయతీ ఎన్నికలు జరుపుకుంటోంది. 'పాడుబడ్డ నగరం' అనే మాటే వేంగికి అతకదు. అది పాడుబడలేదు. అందుకే కనబడకుండా పోయింది.

శిథిలం నిలవాలంటే

నమీబియా ఎడారిలో కోల్మన్‌స్కోప్ అనే ఊరుంది. 1908లో వజ్రాలు దొరకడంతో వెలిసింది, 1956కల్లా ఖాళీ అయింది. ఇళ్లలోకి మోకాలెత్తు ఇసుక చేరినా గోడలు, తలుపులు నిలిచే ఉన్నాయి. వాన లేదు, ఆ నేల ఎవరికీ అక్కర్లేదు. అక్బరు 1571లో మొదలుపెట్టి 1585లో వదిలేసిన ఫతేపూర్ సిక్రీ ఎర్రరాతి కట్టడం. ప్రిప్యాత్‌లో మనుషుల్ని ఉండనివ్వరు. గట్టి సరుకు, పొడి వాతావరణం, ఆ స్థలంతో ఎవరికీ పని లేకపోవడం: ఈ మూడింటిలో ఒకటో రెండో కుదిరితేనే పాత ఊరు చూడ్డానికి మిగులుతుంది. వేంగికి ఒక్కటీ కుదరలేదు.

సరుకు సంగతి గుంటుపల్లిలో కళ్లారా చూడొచ్చు. అక్కడి వలయాకార చైత్యంలోకి వంగి వెళ్లి తల పైకెత్తితే, గుండ్రటి పైకప్పు లోపల నడిమి నుంచి చుట్టూ దిగుతున్న వాసాలు కనిపిస్తాయి. అవి కర్రవి కావు, కొండ రాతిలోనే చెక్కినవి. వాటి మీద ఏ బరువూ లేదు. కట్టెతో, గడ్డితో కట్టిన చుట్టిల్లు ఎలా ఉంటుందో అలాగే ఉండాలని శిల్పి రాతిలో దించాడు. ఆనాటి పల్లెల్లో, పట్నాల్లో ఉన్న అసలు చుట్టిళ్లు ఒక్కటీ మిగల్లేదు. వాటి నకలు మాత్రం రాతిలో ఉంది. అదే కొండ మీద కాల్చిన ఇటుకలతో కట్టిన స్తూపాలు, చైత్యాలు చూడండి. చాలా వాటికి అడుగు అరుగులే మిగిలాయి. ఒకే కొండ, ఒకే వాన. రాయి నిలిచింది, ఇటుక అరిగింది, కట్టె పోయింది.

ఆనాటి ఇటుకలు పెద్దవి, కొన్ని అర మీటరు దాకా పొడవుంటాయి. కట్టెల బట్టీలో సెగ అన్ని వైపులా ఒకేలా తగలదు కాబట్టి లోపల సన్నటి రంధ్రాలు ఉండిపోతాయి. వానకి నీరు పీల్చుకుంటాయి. ఎండకి ఆ నీరు ఆరిపోతూ, మట్టిలోంచి తెచ్చిన ఉప్పును పైపొరలో స్ఫటికాలుగా వదిలేస్తుంది. స్ఫటికం పెరిగి ఇటుకను లోపలి నుంచి తోసి పొరలు పొరలుగా రాల్చేస్తుంది. ఏటా నాలుగు నెలల వాన, నాలుగు నెలల ఎండ. సందులో మొలిచిన రావి మొక్క మిగతా పని పూర్తి చేస్తుంది. వేంగిలో మామూలు జనం ఇళ్లకి కాల్చిన ఇటుక కూడా లేదనుకోవాలి, మట్టిగోడ, తాటాకు. మట్టిగోడ కూలితే దాన్నే చదును చేసి మళ్లీ గోడ లేపుతారు. తరాల తరబడి అలా లేపుకుంటూ పోతే ఊరు మెరకెక్కి, చివరికి దిబ్బవుతుంది.

ఇక ఆ దిబ్బ మీద రైతు కన్ను పడుతుంది. పాటిమన్ను విలువ మన రైతుకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పాతకాలపు ఊరు ఉన్న చోటి మట్టిని బళ్లతో తోలి పొలాల్లో చల్లడం తెలుగునాట ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. దాని వెనక రసాయన శాస్త్రం ఉంది. మనుషులు, పశువులు వందల ఏళ్లు ఉన్న చోట బూడిద, ఎముకలు, పేడ, తిండి వ్యర్థాలు నేలలో చేరతాయి. వాటిలో నత్రజని కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీటితో కొట్టుకుపోతుంది. భాస్వరం అలా కాదు. మట్టిలోని ఇనుము, అల్యూమినియం, సున్నంతో ముడిపడి వందల ఏళ్లు అక్కడే కూర్చుంటుంది. అందుకే పురావస్తు శాస్త్రజ్ఞులు ఏ గోడా కనిపించని పొలంలో కూడా మట్టి నమూనాలు తీసి, భాస్వరం ఎక్కడ ఎక్కువుందో చూసి, ఇక్కడ ఇళ్లుండేవి, ఇక్కడ పశువుల పాక ఉండేదని పసిగడతారు. పంట ఏపుగా పెరగడం చూసి రైతు కనిపెట్టిందే శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో కొలుస్తాడు. తేడా ఒక్కటే, శాస్త్రజ్ఞుడు చెంచాడు మట్టి తీసుకుంటాడు, రైతు దిబ్బంతా తీసుకుంటాడు.

ఇటుకలు కూడా ఊరికే పోలేదు. 1850లలో లాహోరు, ముల్తాను రైలుమార్గం కింద పరవడానికి హరప్పా ఇటుకల్ని బళ్లకెత్తారు. 1790లలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టించేటప్పుడు స్తూపం దిబ్బలోని రాళ్లు ఇళ్లకి, మెట్లకి, సున్నపు బట్టీలకి వెళ్లాయి. గోదావరి జిల్లాల్లో నేలకి గిరాకీ ఇంకా ఎక్కువ. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు పారాక పల్లంలో సెంటు భూమి కూడా వదిలేసేది కాదు. పండే నేలలో శిథిలాలకి చోటుండదు.

ఒకే వంశం, రెండు రాజధానులు

ఈ వాదన నిజమో కాదో తేల్చుకోవడానికి వేంగి వంశంలోంచే ఒక ఉదాహరణ ఉంది. రాజరాజనరేంద్రుడి కొడుకు రాజేంద్రుడు 1070లో తల్లి వైపు వాళ్లదైన చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. ఆయన కూర్చున్న రాజధాని గంగైకొండ చోళపురం. 13వ శతాబ్దం చివరి దాకా అది చోళుల రాజధాని. ఇవాళ అదీ ఒక పల్లెటూరే. కానీ అక్కడి బృహదీశ్వరాలయం ఆకాశాన్నంటుతూ నిలబడి ఉంది, ఎందుకంటే అది రాతి కట్టడం, పూజలూ ఆగలేదు. దగ్గర్లోనే మాళిగైమేడు అనే చోట తవ్వితే చోళుల రాజమహలు ఇటుక పునాదులు బయటపడ్డాయి. పైన ఏమీ లేదు. ఒకే ఊళ్లో దేవుడి ఇల్లు మిగిలి, రాజు ఇల్లు పోయింది.

కంబోడియాలోని అంగ్‌కోర్‌లోనూ ఇదే. రాతి గుళ్లు లోకమంతా చూస్తోంది. లక్షల మంది ఉన్న కట్టె ఇళ్లు కుళ్లిపోయాయి. 2012లో హెలికాప్టర్ నుంచి లేజర్ కిరణాలు వదిలి, చెట్ల ఆకుల సందుల్లోంచి నేలను తాకి వెనక్కొచ్చే సమయాన్ని కొలిచారు. లైడార్ అనే ఈ పద్ధతిలో నేల ఎత్తుపల్లాలు జానెడు తేడాతో సహా తెలుస్తాయి. అడవి కింద వీధులు, చెరువులు, ఇళ్ల మెరకలు గళ్లు గళ్లుగా బయటపడ్డాయి. గోడ పోయినా మెరక పోలేదు.

బతికున్న దిబ్బలు

మెరక ఎలా తయారవుతుందో చూడాలంటే కంబోడియా దాకా అక్కర్లేదు, కొల్లేరు లంకల్లోకి వెళ్తే చాలు. సరస్సు గర్భంలో 46 లంక గ్రామాలు ఉన్నాయని లెక్క. చుట్టూ నీరున్నా ఊరు మునగకుండా ఉండడానికి వాళ్లు చేసేది మెరక వేసుకోవడమే. వరద వచ్చి వెళ్లాక మట్టి తోలి ఇంటి అరుగు ఇంకాస్త ఎత్తు చేస్తారు. పెదవేగి దిబ్బలో వరసలు వరసలుగా కనిపించే పొరలు ఇక్కడ ఇంకా పేరుతూనే ఉన్నాయి.

కైకలూరు వైపు కొల్లేటికోటలో మాత్రం పాత కథ మిగిలింది. పెద్దింట్లమ్మ గుడికి జాతరకొచ్చే వేల మందిలో ఊరి పేరులోని కోట ఏదని అడిగేవాళ్లు తక్కువ. గజపతుల కోట నీటి మధ్య ఉండడంతో శత్రువులకి దక్కలేదని, సరస్సులో నీరు తీసేస్తే గానీ దాన్ని పట్టలేమని ఉప్పుటేరు తవ్వించారని, అందుకోసం శత్రు సేనాని కన్నకూతుర్నే బలిచ్చాడని జనం చెప్పుకుంటారు. కథను చరిత్రగా తీసుకోనక్కర్లేదు. అందులోని నీటి లెక్క మాత్రం సరైనదే. పోయే దారి ఒక్కటే ఉన్న సరస్సుకి ఆ దారి వెడల్పే ఆయుష్షు. ఇవాళ్టి కొల్లేరు గొడవలన్నీ అక్కడే తిరుగుతున్నాయి. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా రామ్‌సర్‌లో చేరింది, 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు పేల్చారు. వరద వచ్చిన ప్రతిసారీ ఉప్పుటేరు పూడిక మీద మళ్లీ అదే చర్చ.

పాత చోటు మాయమవడానికి వెయ్యేళ్లు పట్టాలనేం లేదు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాశ్రయం ఉండేది. యుద్ధం అయిపోయాక విమానాలు వెళ్లిపోయాయి, రన్‌వే మిగిలింది. ఎన్నో ఏళ్లు దానికి పని లేదు. 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నిట్ మంజూరై, కడకట్ల దగ్గర ఆ భూముల్లో శాశ్వత భవనాలు లేచాయి. ఇంకో యాభై ఏళ్లకి యుద్ధకాలపు గూడెం ఎలా ఉండేదో తెలుసుకోవాలన్నా, ఎవరో మట్టి కింద చూడాల్సిందే. ఈ నేల మీద ఏ స్థలమూ ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు.

57 గోతులు

తెలియని నగరం హద్దులు కనుక్కోవడానికి పురావస్తు శాస్త్రజ్ఞులు ఊరంతా తవ్వరు. కొలిచిన దూరంలో వరసగా చిన్న చిన్న గోతులు తీసి, దేనిలో పెంకులు దొరికాయి, దేనిలో లేవు అని పటంలో గుర్తు పెడతారు. పెంకులు ఆగిపోయిన చోట ఊరు ఆగిపోయినట్టు. ఖర్చుతో, కూలీలతో, అనుమతులతో ముడిపడిన పని, అందుకే మన దగ్గర అరుదు.

ఆయిల్‌పామ్ రైతు చేసేది అచ్చంగా ఇదే. తొమ్మిది మీటర్ల ఎడంలో త్రికోణంగా, ఎకరాకి 57 మొక్కల చొప్పున, ఒక్కో మొక్కకి అరవై సెంటీమీటర్ల లోతు గొయ్యి తీస్తాడు. తోట వయసు పాతిక, ముప్పై ఏళ్లు. మొదట వేసిన తోటలు తీసేసి మళ్లీ నాటే రోజులొచ్చాయి. అంటే వేంగి మట్టిలో వేల గోతులు పురావస్తు శాఖకి పైసా ఖర్చు లేకుండా మళ్లీ పడబోతున్నాయి. రాగిరేకు, నాణేల కుండ దొరికితే కలెక్టరుకి తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతుంది. పది రూపాయలు మించిన దేనికైనా అది వర్తిస్తుంది. కుండపెంకుకి, ఇటుక ముక్కకి ధర లేదు, వాటికి ఆ చట్టం వర్తించదు. పటం గీయడానికి కావలసింది మాత్రం ఆ పెంకులే.

పెదవేగి, దెందులూరు మండలాల్లో హైస్కూలు పిల్లలకి ఒక నోటుబుక్కు, ఒక ఫోను ఇచ్చి, గొయ్యి ఎక్కడ తీశారు, అందులో పెంకులొచ్చాయా, ఇటుక వచ్చిందా, వట్టి ఎర్రమట్టేనా అని రాయిస్తే రెండు పంటకాలాల్లో వేంగి పట్నం హద్దులు కాగితం మీదికొస్తాయి. హ్యూయెన్‌త్సాంగ్ చెప్పిన 20 లీలు నిజమో కాదో పదో తరగతి పిల్లలు తేల్చగలరు. గోతులు ఎలాగూ తీస్తారు. వాటిని పూడ్చేముందు ఒకసారి చూడడమే కావలసింది.